నిద్ర మానుకుని నడవాలా?

షుగరు, బి.పి. ఉన్నవారికి నడవమని చెప్పగానే చాలామంది చేసే మొదటి పని, అలారం నాలుగు గంటలకు పెట్టుకోవడం. కాని రాత్రి సీరియళ్లు, ఫోను ముగిసేసరికి పదకొండున్నర దాటుతుంది. అంటే దొరికే నిద్ర నాలుగున్నర గంటలు! నెల తరువాత రక్తపరీక్ష చేయిస్తే షుగరు అనుకున్నంత తగ్గదు. "రోజూ నడుస్తూనే ఉన్నాను కదండీ" అని నిరుత్సాహపడతారు.

నిద్ర చాలనప్పుడు శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. 1999లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రులపాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. అంతలోనే గ్లూకోజును వాడుకునే శక్తి వారిలో తగ్గిపోయింది. ఏ జబ్బూ లేని వయసు కుర్రవాళ్ల సంగతే ఇలా ఉంటే, షుగరు ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా? పైగా నిద్ర తగ్గితే ఆకలి ఎక్కువవుతుంది.

పెద్దవారికి రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. వ్యాయామం వారానికి 150 నుండి 300 నిమిషాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇదంతా తెల్లవారుజామునే, ఒకే విడతలో చేయాలన్న నియమం లేదు. మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిస్తే రోజుకు అరగంట అవుతుంది. తిన్న తరువాత పెరిగే షుగరును అదుపు చేయడానికి ఈ పద్ధతి ఎంతో మంచిది. ఊపిరి కాస్త వేగంగా ఆడేలా ఇల్లు ఊడ్చినా, బట్టలు ఉతికినా అదీ వ్యాయామమే. ఇక రోజంతా నాట్లు వేసి వచ్చిన అక్కను మళ్లీ నడకకు పంపనక్కర్లేదు. ఆమెకు కావలసింది త్వరగా పడుకోవడం.

ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువ దూరం నడవకండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆగి పంచదారో గ్లూకోజో తీసుకోవాలి. నడుస్తున్నప్పుడు గుండెలో నొప్పి, బరువు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

సాయంత్రం నాలుగు తరువాత టీ, కాఫీ వద్దు. తాగిన అయిదు గంటలకు కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

ఆల్‌నైట్ ప్రేయర్లకు, క్రిస్మస్ క్యారల్స్‌కు వెళ్లే కుటుంబాలకు ఒక మాట. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 30 మి.గ్రా. మాత్రమే. ఉదయం ఆరింటికి లేచినవారికి రాత్రి పదకొండుకే పదిహేడు గంటలు నిండుతాయి. తెల్లవారి అయిదింటికి భార్యాపిల్లలను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని బయలుదేరకండి. అక్కడే రెండు మూడు గంటలు పడుకుని రండి, లేదా బస్సులో రండి. ఆ రోజు వ్యాయామం మానినా ఫరవాలేదు.

ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూగుతున్నారా? పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు అవుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. దీనివల్ల బి.పి. పెరుగుతుంది. దీనికి చికిత్స ఉంది. అయితే గురక సంగతి పెట్టేవారికి తెలియదు, పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. కనుక ఓ.పి.కి వచ్చేటప్పుడు భార్యనో భర్తనో వెంటబెట్టుకుని రండి.