పాపులారిటీ స్కోరు దేన్ని కొలుస్తుంది?

ఇంటర్నెట్‌లో ఒకే రోజు రెండు వ్యాసాలు వెలువడ్డాయనుకుందాం. మొదటిదానికి రెండే ఓట్లు పడ్డాయి, రెండూ అనుకూలమే. రెండోదానికి 100 ఓట్లు పడగా 90 అనుకూలం, 10 ప్రతికూలం. జాబితాలో ఏది పైన ఉండాలి? శాతం లెక్కన చూస్తే మొదటిదే. కానీ ఇద్దరి మెప్పును అందరి మెప్పుగా భావించలేం.

ఈ చిక్కుకు గణాంకశాస్త్రంలో పాత పరిష్కారమే ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లో ఒక సూత్రం ప్రతిపాదించారు. కొద్దిమంది అభిప్రాయాన్ని బట్టి అందరి అభిప్రాయం ఏ హద్దుల మధ్య ఉండవచ్చో అది అంచనా వేస్తుంది. 95 శాతం విశ్వాస స్థాయిలో లెక్కిస్తే, మొదటి వ్యాసానికి కింది హద్దు సుమారు 34 శాతం, రెండోదానికి సుమారు 83 శాతం. ఆ కింది హద్దునే స్కోరుగా తీసుకుంటే రెండో వ్యాసం పైకి వస్తుంది.

మరో చిక్కు కాలంతో వస్తుంది. ఓట్ల సంఖ్యనే చూస్తే పాతవే ఎప్పుడూ ముందుంటాయి, కొత్తవి కంటపడవు. రెడిట్ సంస్థ గతంలో బహిరంగపరచిన సూత్రంలో దీనికి ఒక ఉపాయం ఉంది. అనుకూల ఓట్ల నుంచి ప్రతికూల ఓట్లను తీసివేసి, వచ్చిన సంఖ్యకు 10 ఆధారంగా సంవర్గమానం (లాగరిథమ్) కడతారు. 10 ఓట్లకు 1 పాయింటు, 100 ఓట్లకు 2, 1000 ఓట్లకు 3. అంటే మొదటి 10 ఓట్లు ఎంత పైకి లేపుతాయో, తర్వాతి 90 ఓట్లూ అంతే లేపుతాయి. పైగా 45,000 సెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చినదానికి 1 పాయింటు అదనంగా కలుస్తుంది. ఉదయం వచ్చి 100 ఓట్లు పొందినదీ, పన్నెండున్నర గంటల తర్వాత వచ్చి 10 ఓట్లు పొందినదీ సమానమవుతాయి.

ఇలా తొలి ఓట్లకు ఎక్కువ బరువు దక్కుతుంది. మరి ఆ తొలి ఓట్లు తర్వాత చూసేవారిని ప్రభావితం చేస్తే? ముచ్నిక్, అరల్, టేలర్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించి, ఫలితాలను 2013లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. లక్షకు పైగా పాఠక వ్యాఖ్యలను తీసుకుని, వాటిలో కొన్నింటికి యాదృచ్ఛికంగా ఒక అనుకూల ఓటు ముందే వేశారు. వాటిని మొదట చూసినవారు అనుకూలంగా ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. ఆ వ్యాఖ్యల్లో ప్రత్యేకత ఏమీ లేదు, ముందుగా పడిన ఒక్క ఓటే తేడా. ముందే ప్రతికూల ఓటు వేసిన వ్యాఖ్యల విషయంలో మాత్రం తర్వాతి పాఠకులు ఆ తేడాను సరిదిద్దారు.

కాబట్టి స్కోరులో మెప్పు ఒక్కటే ఉండదు. ఎప్పుడు వెలువడింది, ఎందరి కంటపడింది, మొదట ఎవరు మెచ్చారు అన్నవీ అందులో కలిసిపోతాయి. సినిమా పాటల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. జ్వరానికి మందు చెప్పే సలహా జాబితాలో పైన కనిపించినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఎందరో మెచ్చారన్నది ఆ సలహా నిజమనడానికి రుజువు కాదు. ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు అన్న ప్రశ్నలకు స్కోరు దగ్గర జవాబు ఉండదు.