బల్గేరియాలో ఏ చారిత్రక స్థలాలు చూడాలి?

ప్రశ్న: బల్గేరియాలో వారం రోజులు గడిపేవారు రాజధాని సోఫియాతో పాటు ఏయే చారిత్రక స్థలాలకు ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు: సోఫియాలోనే వారమంతా గడపడం కంటే ప్లోవ్‌దివ్ నగరానికి కనీసం రెండు రోజులు కేటాయించడం మేలు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ జయించి, తన పేరిట ఫిలిప్పోపొలిస్‌గా మార్చిన ఈ నగరంలో కొండవాలున రోమన్ల కాలపు పాలరాతి రంగశాల ఉంది. శతాబ్దాల తరబడి మట్టి కింద మరుగునపడి, 1970ల తొలినాళ్లలో మళ్లీ వెలుగు చూసిన ఆ కట్టడంలో నేటికీ సంగీత, నాటక ప్రదర్శనలు జరుగుతున్నాయి. దాని ఆసనాల మీద నాటి నగర తెగల, అంటే పౌరులను విభజించిన సముదాయాల పేర్లు గ్రీకు లిపిలో ఇప్పటికీ కనిపిస్తాయి.

సోఫియా శివార్లలో వితోషా పర్వత పాదాన ఉన్న బొయానా చర్చిని మాత్రం ఏ కారణం చేతనూ వదులుకోకూడదు. అక్కడి 1259 నాటి కుడ్యచిత్రాలలో, అంటే గోడలపై రచించిన చిత్రాలలో, చర్చి నమూనాను చేత పట్టుకున్న దాత కాలోయన్, పక్కన భార్య దెసిస్లావా సజీవులైన వ్యక్తుల్లా కనిపిస్తారు. ఇటలీలో చిత్రకారుడు జొట్టో పుట్టుకకు ముందే ఇంతటి మానవీయ చిత్రణ సాధ్యమైంది. సందర్శకుల ఊపిరి తేమకు రంగులు చెడకుండా కొద్దిమందినే, కొన్ని నిమిషాలపాటే లోనికి అనుమతిస్తారు.

1833లో దగ్ధమై తిరిగి నిర్మితమైన రీలా మఠాన్ని సోఫియా నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చు. 1185 నుంచి 1393 వరకు రాజధానిగా వెలిగిన వెలికో తర్నోవోలో యాంత్రా నది వంపులోని త్సారెవెత్స్ కోటను ఎక్కడానికి ఉదయం వేళే అనువైనది. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా షెంజెన్ ప్రాంతంలో పూర్తి సభ్యదేశం కనుక, భారతీయులు షెంజెన్ వీసాతో వెళ్లవచ్చు.