అలసిన తల్లిదండ్రులకు ఆసరా

(కుటుంబ పాఠము)

చదువవలసిన భాగము: 1 రాజులు 19:1-8



గుండె ఆపరేషన్ అయి అమ్మగాని నాన్నగాని ఇంటికి రాగానే సంఘమంతా కృతజ్ఞతా ప్రార్థన చేసుకుంటాము. రెండు నెలలు గడిచేసరికి మాటలు మారతాయి. "గాయము మానింది కదా, ఇంకా నీరసమేమిటి?" అని ఇంటివారు అంటారు. "విశ్వాసము తగ్గిందేమో" అని చూడవచ్చినవారు అంటారు. అవి విని పెద్దవారు లోలోపల కుంగిపోతారు. ఈ పాఠములో మనము నేర్చుకొనవలసినది ఇది: నీరసము పాపము కాదు, అలాగని పట్టించుకోకుండా విడిచిపెట్టవలసినదీ కాదు.

1. దేవుడు మొదట ఏమి చేశాడు?

కర్మెలు మీద దేవుని కార్యము చూచిన ఏలీయాయే యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, అరణ్యములో బదరీవృక్షము క్రింద కూలబడి, చావు కోరుకున్నాడు. దేవదూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని తిరిగి పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండవసారి లేపి మరల భోజనము పెట్టాడు. హోరేబుకు ప్రయాణము ఆ తరువాతనే. ఈ వరుసను మనము గుర్తుంచుకోవాలి.

2. నీరసము ఎందుకు?

బైపాస్ ఆపరేషన్‌లో సాధారణంగా రొమ్ము ఎముకను కోసి, తిరిగి తీగతో బిగిస్తారు. అది అతకడానికే 6 నుండి 12 వారాలు పడుతుంది. రక్తము పోయినందున రక్తహీనత ఉండవచ్చు. మంచము మీద ఉన్న దినాలలో కండల బలము తగ్గుతుంది. నిద్ర పట్టదు, నోటికి రుచి తెలియదు. గుండె వేగము తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలవలన కూడా కొందరికి నీరసము కలుగుతుంది. అందుచేత వయసు మళ్లినవారికి బలము తిరిగి రావడానికి 3 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలము పట్టవచ్చు.

3. ఇంటివారు చేయవలసినవి

డాక్టరు చెప్పినట్లు ఉదయము, సాయంత్రము కొద్ది నిమిషాలు నడిపించి, మెల్లగా పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగము చాలు. ఎముక అతికేవరకు నీళ్ల బిందె, బియ్యపు సంచి ఎత్తనీయకూడదు. కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టాలి: పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర. ఊరగాయ, అప్పడము, ఉప్పుచేప తగ్గించాలి. ప్రతి ఉదయము బరువు చూచి నోటుబుక్కులో వ్రాయాలి. మాత్రలు మన ఇష్టమువచ్చినట్లు మానకూడదు.

4. వయసేనని సరిపెట్టుకోకూడని గుర్తులు

కోలుకుంటూ ఉండి మళ్లీ దిగజారుట, పడుకుంటే ఆయాసము, పాదాల వాపు, ఒక దినములో 1 కిలో లేక వారములో 2 కిలోల బరువు పెరుగుట, జ్వరము, గాయమునుండి చీము, గుండెదడ, రెండు వారాలైనా వీడని దిగులు. వీటిని వెంటనే డాక్టరుకు తెలపాలి. ఛాతీనొప్పిగాని, స్పృహ తప్పుటగాని, కూర్చున్నా తగ్గని ఆయాసముగాని కలిగితే ఒక్క నిమిషము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

5. భాష తెలియని చోట

మనము పొరుగు భాషల మధ్య కాపురమున్నవారము. డాక్టరు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అడుగుతాడు. తెలుగు తప్ప తెలియని అమ్మ తల ఊపుతుంది. "బాగానే ఉన్నది" అని కొడుకు జవాబు చెప్పేస్తాడు. అసలు బాధ ఇంటికే తిరిగి వస్తుంది. బయలుదేరకముందే, "అమ్మా, పోయిన వారము చేయగలిగి ఈ వారము చేయలేకపోతున్నది ఏమిటి?" అని తెలుగులో అడిగి, ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి డాక్టరుకు చెప్పాలి.

చూడబోయే సంఘస్థులారా, పది నిమిషాలు చాలును. ప్రార్థన చిన్నదిగా, మాట మెత్తగా ఉండనీయండి. ఆరాధనలో వారు కూర్చునే పాడినా దేవుడు అంగీకరిస్తాడు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. దూత ఏలీయాను రెండుసార్లు ఎందుకు లేపాడు?
2. మన ఇంటిలోని పెద్దవారి బాధను వారి మాటలలోనే విన్నామా?
3. ఈ వారము మన సంఘము ఎవరి ఇంటికి అన్నము పంపగలదు?

అలసినవారిని బలపరచు దేవుడు మన ఇండ్లలోని పెద్దలను ఆదరించును గాక. ఆమేన్.