పెద్ద రంగు బకెట్లను తెఱచి వాడు విధము

సార్వా పంట ఇల్లు చేరి సంక్రాంతి దగ్గఱపడునప్పటికి గోదావరి డెల్టా గ్రామములలో ఇండ్లకు రంగులు వేయించు పని మొదలగును. ఒకప్పుడు ఈ పనికి కావలసినవి సున్నపు తొట్టి, నీలిమందు, నార కుంచె మాత్రమే. ఇప్పుడు రైతులు రాజమహేంద్రవరము, భీమవరము, అమలాపురము వంటి పట్టణముల నుండి 20 లీటర్ల బకెట్లతో రంగులు తెప్పించుచున్నారు. చిన్న డబ్బాలకంటె పెద్ద బకెట్టు కొన్న లీటరు ఒక్కింటికి చౌకగా పడుననుట నిజమే. కాని సగము వాడి సరిగా మూయక వదలిన బకెట్టును మఱుసటి సంవత్సరము చూచినచో, రంగు గడ్డకట్టియో కుళ్లు వాసన కొట్టుచునో యుండును. అప్పుడు ఆ చౌక యెక్కడిది? విత్తనపు బస్తాను విప్పి చెమ్మలో వదలని రైతే రంగు బకెట్టును మూత లేకుండ పంచలో వదలివేయుట చూచుచున్నాము. ఇది ధననష్టము. పాత తలుపుల రంగును గీకుటలోను, మిగిలిన రంగును పాఱబోయుటలోను అజాగ్రత్త వలన బిడ్డలకును పశువులకును ప్రాణాపాయము సైతము కలదు. కావున ఈ సంగతులు రైతులకు వివరముగా తెలుపబడుచున్నవి.

కొనుటకు ముందు

మొదట గోడలను కొలువవలెను. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గదికి నాలుగు గోడలును కలిసి 520 చదరపు అడుగులు. తలుపులకు, కిటికీలకు 60 తీసివేసినచో 460 మిగులును. లీటరు రంగు రెండు పూతలకు ఎన్ని చదరపు అడుగులకు వచ్చునో బకెట్టుమీద ముద్రించియుండును. అది 100 అని యున్నయెడల ఈ గదికి 5 లీటర్లు చాలును. ఇట్టి గదులు నాలుగు లేని యింటికి 20 లీటర్ల బకెట్టు అనవసరము. గరుకు గోడ ఎక్కువ రంగు త్రాగుననియు, లప్పము పెట్టి నునుపు చేసిన గోడ తక్కువ త్రాగుననియు గమనింపవలెను. రెండు బకెట్లు కొనవలసివచ్చినచో రెంటిమీదను ఒకే తయారీ సంఖ్య యున్నదేమో చూచుకొనవలెను; సంఖ్య మాఱినచో ఛాయలో కొంచెము భేదము రావచ్చును.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. సున్నముతో కట్టిన పాత మండువా లోగిళ్ల గోడలకు ప్లాస్టిక్ రంగు అన్నిచోట్లను మేలు చేయదు. డెల్టాలో భూగర్భజలము పైపైననే యుండుటచేత గోడల అడుగుభాగమునకు మోకాలెత్తువఱకు చెమ్మ ఎక్కును. సున్నపు పూతలోనుండి ఆ చెమ్మ బయటికి ఆవిరియై పోవును. ప్లాస్టిక్ పొర దానిని అడ్డగించును. పొక్కులు లేచి రంగు రేకులుగా ఊడును. అట్టి గోడకు సున్నమే తగినది. ఈ సంగతి అంగడివాడు తనంతట తాను చెప్పడు.

మూత తీయుట

రంగు నిండిన 20 లీటర్ల బకెట్టు సుమారు 25 మొదలు 30 కిలోల బరువుండును. దానిని నిచ్చెనమీదికి గాని పరంజామీదికి గాని ఎక్కింపరాదు. నీడపట్టున చదునైన నేలమీద నిలిపి, మూతమీది దుమ్మును, ఇసుకను తడిగుడ్డతో తుడిచి, పిమ్మట తెఱవవలెను. నూనెరంగుల డబ్బా ఎండలో నున్నచో లోపల ఆవిరి పట్టియుండును గనుక, చల్లబడిన తరువాతనే మూతను ఒక ప్రక్క కొంచెము సడలించి, ఆవిరి పోనిచ్చి, పూర్తిగా తీయవలెను.

ప్లాస్టిక్ బకెట్ల మూతకు అంచున చింపుడు పట్టీ యున్నచో దానిని చుట్టును పూర్తిగా లాగివేయవలెను. కొన్ని మూతల అంచున గాట్లు పెట్టిన బిళ్లలుండును. వానిని కత్తితో తెంపి ఒక్కొక్కటిగా పైకి వంచవలెను. పిమ్మట వెడల్పాటి చదునైన ఇనుపబద్దను అంచుక్రింద దూర్చి కొంచెము లేపి, నాలుగంగుళములు జరిపి మఱల లేపి, ఇట్లు బకెట్టు చుట్టును తిరిగి రావలెను. ఒకేచోట బలముగా ఎత్తినయెడల మూత పగులును, లేదా వంగి మఱల గట్టిగా కూర్చొనదు. కొడవలి మొనతోను, గునపముతోను మూతలు లేపువారు కలరు. కొడవలి జాఱినచో అరచేయి తెగును. మూతకు చిల్లి పడినచో ఆ బకెట్టును ఇక నిలువ చేయుటకు వీలుండదు. ఇనుప డబ్బాల మూతలను గూడ ఇట్లే నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా లేపి తీయవలెను.

కలుపుట

రంగులోని పొడి నీటికంటెను నూనెకంటెను బరువైనది. నెలల తరబడి అంగడిలో నిలిచిన బకెట్టులో అది అడుగునకు దిగి పేరుకొనును. పైపైన రెండు త్రిప్పులు త్రిప్పి వాడినయెడల మొదటి గోడ పలుచగను, చివరి గోడ చిక్కగను వచ్చును. రంగు మంచిది కాదని అంగడివానితో తగవు పడుట మాత్రము మిగులును. కలుపు కఱ్ఱ బకెట్టు అడుగునకు అందవలెను. రెండంగుళముల వెడల్పు గల చదునైన శుభ్రమైన బద్ద మేలు. బెరడుతో కూడిన పచ్చి కొమ్మ పనికిరాదు. అన్నిటికంటె మేలైన పద్ధతి యేమనగా, పైనున్న పలుచని రంగులో సగమును వేఱొక శుభ్రమైన బకెట్టులోనికి వంచి, అడుగున మిగిలిన చిక్కని రంగును బాగుగా చిలికి, వంచినదానిని కొంచెము కొంచెముగా మఱల పోయుచు కలుపవలెను. తరువాత రెండు బకెట్లమధ్య మూడు నాలుగుసార్లు కాఫీ తిరగపోసినట్లు పోసినచో అంతయు ఏకరీతిగా నగును. ఒకే గదికి రెండు బకెట్లు వాడవలసినప్పుడు రెంటిని కలిపి చేసికొన్నచో ఛాయభేదము కనబడదు.

నూనెరంగుమీద మీగడవలె తెట్టు కట్టియున్నచో దానిని కలుపరాదు. నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడుటచే ఆ తెట్టు ఏర్పడును. అది మఱల కరగదు. కత్తితో అంచు చుట్టును కోసి తెట్టును మొత్తముగా ఎత్తివేసి, తక్కినదానిని పలుచని గుడ్డలో వడగట్టవలెను.

వాడుట

పెద్ద బకెట్టులో కుంచె ముంచరాదు. కుంచెతో గోడమీది సున్నపుపొడి, ఇసుక, తడి బకెట్టులో చేరి మిగిలిన రంగును పాడుచేయును. ఒక పూటకు చాలినంత రంగును చిన్న పాత్రలోనికి తీసికొని, పెద్ద బకెట్టును వెంటనే మూయవలెను. నీరు కలుపవలసినది ఆ చిన్న పాత్రలోని రంగునకే. అదియు బకెట్టుమీద చెప్పిన కొలతకు మించరాదు. పలుచన చేసినచో ఎక్కువ గోడ వచ్చుననుకొనుట భ్రమ. రెండు పూతలకు తీఱు పని మూడు పూతలైనను తీఱదు. నీరు త్రాగుటకు తగినదై యుండవలెను. అంతర్వేది ప్రక్కలను, ఇతర సముద్రతీర గ్రామములలోను బావులనీరు ఉప్పన. ఆ నీటిలోని లవణము ఆఱిన గోడమీద తెల్లని పొడిగా తేలవచ్చును. నీరు కలిపిన రంగును ఆనాడే వాడివేయవలెను గాని మఱల పెద్ద బకెట్టులో పోయరాదు. పోసినచో సూక్ష్మజీవులు ప్రబలి బకెట్టంతయు కుళ్లును.

ధనుర్మాసమున ఉదయము మంచు దట్టముగా కురియును. తలుపులమీద తడి యున్నంతవఱకు నూనెరంగు వేయరాదు. ప్రొద్దెక్కిన తరువాత మొదలిడి, సాయంకాలపు చెమ్మ దిగకముందే ముగింపవలెను.

మిగిలిన రంగు

మూయుటకు ముందు బకెట్టు అంచును, మూత గాడిని గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. అచ్చట ఆఱిన రంగు ఉన్నచో మూత సరిగా కూర్చొనదు. మూతక్రింద పాలితిన్ కాగితము పఱచి, కఱ్ఱసుత్తితో చుట్టును మెల్లగా తట్టవలెను. మూడవవంతుకంటె తక్కువ మిగిలినచో చిన్న డబ్బాలోనికి మార్చుట మేలు. ఖాళీ స్థలము తగ్గినకొలది లోపల గాలి తగ్గును. ఏ గదికి వేసినది, ఎంత మిగిలినది, ఏ తేదీన మూసినది డబ్బామీద వ్రాయవలెను. ఎండ తగులని చోట, వంటయింటికిని ధాన్యపు గదికిని దూరముగా, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

నూనె గుడ్డలు

అవిసెనూనె కలిసిన రంగులను, వార్నీషులను తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడవేయుట మిక్కిలి ప్రమాదకరము. నూనె ఆఱునప్పుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగులకుండగనే గుడ్డ తనంతట రగులుకొనవచ్చును. గడ్డిమేటుల ప్రక్కను, తాటాకు చావిళ్లలోను ఇట్టి గుడ్డలు పడవేసినచో ఏమి జరుగునో రైతులకు చెప్పనక్కఱలేదు. వానిని విప్పి ఒక్కొక్కటిగా బయట ఆఱబెట్టవలెను, లేదా నీటిలో ముంచి యుంచవలెను. టర్పెంటైను దగ్గఱ చుట్టయు బీడీయు కాల్చరాదు.

పాత తలుపులు, సీసపు విషము

డెల్టాలోని పాత లోగిళ్లకు గోదావరిమీద తెప్పలుగా దింపిన టేకుతో తలుపులు, స్తంభములు చేయించిరి. వానిమీద తరతరములుగా వేసిన నూనెరంగు పొరలలో సీసము ఉండవచ్చును. సీసపు రంగు వలని కీడు లోకమునకు క్రొత్తగా తెలిసినది కాదు. 1921లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశము, ఇండ్ల లోపలి రంగు పనులలో తెల్లసీసపు వాడకమును నిషేధించు ఒడంబడికను అంగీకరించెను. మన దేశములో 2016 నాటి నియమముల ప్రకారము, 2017 నవంబరు 1వ తేదీ మొదలు ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. కావున అంతకు పూర్వపు పొరలన్నిటిని సీసము కలవిగనే ఎంచి మెలగుట క్షేమము.

అట్టి తలుపును పొడిగా గరుకు కాగితముతో రుద్దరాదు. మంటతో కాల్చి తీయరాదు. ఆ ధూళియు పొగయు ఊపిరితో లోనికి పోవును. నీటితో తడిపి గీకవలెను. క్రింద పాలితిన్ గుడ్డ పఱచి రేకులను అందులోనే పట్టవలెను. గర్భిణులను, పిల్లలను ఆ చోటికి రానీయరాదు. పనివారు చేతులు, ముఖము కడుగకుండ అన్నము తినరాదు. పసిపిల్లల మెదడుకు సీసము చేయు హాని తరువాత మందులతో మఱలునది కాదు.

గీకిన రేకులను పెంటకుప్పలో వేయుట కొన్నిచోట్ల కలదు. అది చేనికి చేరును. పశువులు పాత రంగును, పాఱవేసిన డబ్బాలను నాకి సీసపు విషముచేత చచ్చుట ప్రపంచమున అనేక దేశములలో పశువైద్యులు ఎఱిగిన సంగతి. దూడలు మఱింత త్వరగా లోబడును. చూపు పోయి గోడలకు తగులుట, పండ్లు కొఱుకుట, తలను గోడకు ఆనించి నెట్టుట, వణకి పడిపోవుట దీని గుఱుతులు. ఇవి కనబడినచో దిష్టియనియు గాలియనియు కాలయాపన చేయక పశువైద్యుని పిలిపించి, రంగు సంగతి ఆయనకు చెప్పవలెను. ఆయన అనుమతి లేక ఆ పశువు పాలు వాడరాదు. ఇనుప సామానులకు వేయు ఎఱ్ఱసీసపు రంగును పశువుల గాడికి గాని కట్టుకొయ్యలకు గాని ఎన్నడును పూయరాదు.

కడిగిన నీరు, ఖాళీ బకెట్టు

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు మన గ్రామములకు కాలువయే ప్రాణము. పొలమునకు పాఱు నీరే మంచినీటి చెరువునకును చేరుచున్నది. కుంచెలను కాలువ రేవులో కడుగుట, మిగిలిన రంగును అందులో పోయుట ఊరంతటికిని కీడు. ఒక పాత బకెట్టులో నీరు పోసి అందులోనే కుంచెలు కడిగినచో, మఱునాటికి రంగు అడుగునకు దిగును. పైనీటితో మఱల కుంచెలు కడుగవచ్చును. టర్పెంటైనును గూడ ఇట్లే తేర్చి తిరిగి వాడవచ్చును, ఖర్చును కలిసివచ్చును.

ఖాళీయైన ప్లాస్టిక్ బకెట్టు ఎంత కడిగినను త్రాగునీటికి, పచ్చళ్లకు, బియ్యమునకు పనికిరాదు. రంగు కుళ్లకుండ కలిపిన మందుల అంశము దానిలో మిగిలియుండవచ్చును. పేడకు, సున్నమునకు, మట్టి పనికి నిరభ్యంతరముగా వాడుకొనవచ్చును. నీరు పట్టి పెరటిలో వదలినచో, తప్పటడుగుల బిడ్డ అందులోనికి తలక్రిందుగా వంగి పడినచో లేవజాలదు. కొలది నీరైనను చాలును. అమెరికాలో ఇట్టి పెద్ద బకెట్లమీద ఈ అపాయమును తెలుపు బొమ్మను ముద్రింతురు. పని ముగియగనే బకెట్టును బోర్లించి పెట్టవలెను.