వెనక వరుస తయారీ

పని పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 42, 43 డిగ్రీలకు పోతుంది కాబట్టి ఏడున్నరకల్లా పిల్లల్ని నీడకు చేర్చాలి. ఈ రెండు గంటల్లో మైదానంలో రెండు తయారవుతుంటాయి. ఒకటి, నలుగురు పిల్లల డిఫెన్స్ వరుస. రెండోది, ఆ వరుసను తయారుచేసే కోచ్. ఏళ్ల తరబడి స్టాపర్‌గా, అంటే గోలుకు ఎదురుగా నడిమధ్యన నిలబడే బ్యాక్‌గా, ఆడిన మనిషి ఈల మెడలో వేసుకున్న రోజే కోచ్ అయిపోడు. అతణ్నీ పదును పెట్టాలి.

ముందు నేల. కర్నూలు నల్లరేగడి ఎండితే బీటలిస్తుంది, తడిస్తే కాలికి ముద్దకడుతుంది. పైన గరుసు మన్ను పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి అదమాలి. రాళ్లేరడం మాత్రం రోజూ ఉంటుంది. వంద మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పున్న మైదానానికి గీతలన్నీ కలిపితే దాదాపు 700 మీటర్లు వస్తాయి. గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. సున్నం వాడకుండా ముగ్గు పిండితోనే గీయాలి. చెమట పట్టిన చర్మానికి సున్నం తగిలితే మండుతుంది, పడినవాడి మోకాలు పుండవుతుంది. కోన్‌లు కొనక్కర్లేదు, ఇసుక నింపిన పాత సంచులు చాలు. డబ్బు ఖర్చయ్యేది బంతుల దగ్గరే. 68 నుంచి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుంచి 450 గ్రాముల బరువుండే సైజ్ 5 బంతి కావాలి. గరుసు మీద తోలు తొందరగా గీసుకుపోతుంది. గట్టి రబ్బరు బంతి ఎక్కువ కాలం నిలుస్తుంది.

తర్వాత ముడిసరుకు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్లో బ్యాక్‌ను ఎంచేటప్పుడు కొత్త కోచ్ సాధారణంగా ఎత్తు చూస్తాడు, పరుగు చూస్తాడు. అనుభవమున్నవాడు మెడ చూస్తాడు. బంతి అవతలి పక్క ఉన్నప్పుడు కూడా తల తిప్పి తన వెనక ఎవరున్నారో చూసుకునే పిల్లాడు దొరికితే సగం పని అయినట్టే. పరుగు పెంచుకోవచ్చు. ఆ చూపు అలవాటు చేయడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఇక నిలబడే తీరు. కాళ్లు భుజాల వెడల్పున, ఒకటి కాస్త ముందుకు, మోకాళ్లు వంగి, బరువు మునివేళ్ల మీద ఉండాలి. ఎదురొచ్చేవాడికి ఛాతీ పూర్తిగా చూపకూడదు, ఒంటిని సగం తిప్పి వాణ్ని గీత వైపుకు తోలాలి. మధ్య దూరం మీటరున్నర. అంతకన్నా దగ్గరైతే వాడు దాటిపోతాడు, దూరమైతే బంతి కొట్టేస్తాడు. "కాళ్లు చూడొద్దు అబ్బయా, బంతి చూడు" అని కోచ్ అరుస్తూనే ఉంటాడు. ఇరవై సెకన్లు పక్క అడుగులు, నలభై సెకన్లు విరామం, ఇలా ఎనిమిది సార్లు. ఎనిమిది నిమిషాలకే తొడలు వణుకుతాయి.

ఇక్కడే కోచ్ తయారీలో మొదటి చిక్కు ఎదురవుతుంది. ఆడిన రోజుల్లో ఇవన్నీ అతని ఒంటికి తెలుసు, నోటికి తెలియవు. ఎందుకు అటు పోయావంటే "అట్ల తోచింది సార్" అంటాడు. ఆ తోచడాన్ని విడదీసి, ముందు ఏ కాలు, తర్వాత ఏ చూపు అని చెప్పగలగడమే అతను నేర్వాల్సిన పని. మన తెలుగు నేల మీద దాన్ని అందరికన్నా బాగా చేసినవాడు వృత్తిరీత్యా బడిపంతులు కావడం నాకు యాదృచ్ఛికమనిపించదు. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పాడు, ఫుట్‌బాల్ ఆడాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నాడు. 1950లో సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాదితో మొదలుపెట్టి ఆ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

రహీం పనిముట్లు రెండు ఇప్పటికీ వాడదగ్గవి. మొదటిది, వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీ. కుడికాలి వాటం పిల్లాడికి ఇరవై నిమిషాలు ఎడమకాలే దిక్కు. మొదటి వారం బంతి ఎటు పోతుందో వాడికే తెలియదు. రెండోది, డ్రిబ్లింగ్ లేని పోటీ. అంటే బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ ఎవరూ ముందుకు తీసుకుపోకూడదు, పాస్ ఇచ్చెయ్యాలి. పాస్ ఇవ్వాలంటే బంతి రాకముందే తోటివాడెక్కడున్నాడో చూసుకుని ఉండాలి. మెడ తిప్పడం అక్కడ అబ్బుతుంది.

ఇప్పుడు చేంతాడు. ఈ దశ నాకు అన్నిటికన్నా ఇష్టం. ముప్పై మీటర్ల బావి తాడు తెచ్చి, ఎనిమిదేసి మీటర్లకొక ముడి చొప్పున నాలుగు ముళ్లు వేసి, నలుగురు పిల్లల చేతికి ఇస్తారు. నడుముకు కట్టకూడదు, ఒకడు పడితే నలుగురూ పడతారు. కోచ్ బంతితో ఎడమకు నడుస్తాడు. ఆ వైపు పిల్లాడు బంతి మీదికి పోతాడు, పక్కవాడు అతని వెనక ఏటవాలుగా కవర్‌కు వస్తాడు, మిగతా ఇద్దరూ లోపలికి జరుగుతారు. తాడు బిగుసుకుంటే ఎవరో ఆలస్యమైనట్టు. నేలకు జారితే ఎవరో తొందరపడ్డట్టు. తప్పెవరిదో కోచ్ చెప్పక్కర్లేదు, అరచేతికే తెలిసిపోతుంది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలకు మించితే పిల్లలు ఆట మరిచి తాడును లాక్కుంటారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి వరుస ఒకటుంది. దాన్ని అఫెన్సివ్ లైన్ అంటారు. అందులో ఐదుగురు. బంతి పట్టి పరుగెత్తే వంతు వాళ్లకు రాదు, ఉన్నదల్లా వెనకవాణ్ని కాయడమే. హ్యూస్టన్ ఆయిలర్స్‌కు 1982 నుంచి 1993 దాకా ఆ వరుసలో గార్డ్‌గా ఆడిన మైక్ మంచక్, ఆట మానేశాక అదే వరుసకు కోచ్ అయ్యాడు. మనకు ఆయన వంటివాడు హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్, అదే ఏడాది అర్జున అవార్డు. తర్వాత దేశ జట్టుకూ కలకత్తా పెద్ద క్లబ్బులకూ కోచ్‌గా పనిచేసి 1990లో ద్రోణాచార్య అందుకున్నాడు. ఆటగాడికి ఇచ్చేదొకటి, గురువుకిచ్చేదొకటి, రెండూ ఒకే డిఫెండర్ ఇంటికి వచ్చాయి.

నేటి కోచ్‌కు కాగితమూ కావాలి. డి లైసెన్స్‌తో మొదలై సి, బి, ఎ మెట్లు ఎక్కాలి. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా మరో దారి.

నీళ్లు, తిండి కూడా తయారీలో భాగమే. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి ఒక్కో గ్లాసు నీళ్లు, దాహమైనా కాకపోయినా. ఆట అయ్యాక గుప్పెడు ఉడికించిన బుడ్డలు (వేరుశనగలు), ఇంటికి పోయాక రాగి సంగటి, ఉలవచారు. ఈ సీమ పిల్లలకు పొడి ప్రోటీన్ డబ్బాలు ఎందుకో నాకర్థం కాదు.

వరుస కుదిరాక దాన్ని విప్పే ధైర్యం కూడా కోచ్‌కు ఉండాలి. 1956 డిసెంబర్ 1న రహీం శిక్షణలోని భారత జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆరేళ్లకు జకార్తా ఆసియా క్రీడలు. స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని వెనక వరుస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టాడు. సెమీస్‌లో జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు.

రెండు వారాలు గడిచాక కోచ్ తాడు తీసేస్తాడు. పిల్లలు కాసేపు చేతులు ఇంకా పట్టుకున్నట్టే సగం చాపి నిలబడతారు. అవతలి ఫార్వర్డ్‌కు పాస్ వెళ్లబోతుంటే మధ్యవాడు "పదండి!" అని కేకేస్తాడు. నలుగురూ ఒక్కసారి నాలుగడుగులు ముందుకొస్తారు. ఫార్వర్డ్ ఒంటరిగా వాళ్ల వెనక మిగిలిపోతాడు. గీత మీద నిలబడిన కుర్రాడు ఆఫ్‌సైడ్ జెండా ఎత్తుతాడు. కోచ్ ఈల ఊదుతాడు. టైము ఏడూ ఇరవై. ముడులు విప్పని చేంతాడును చుట్టి భుజాన వేసుకుని వేపచెట్టు కిందికి నడుస్తాడు.