కళాశాల గ్రంథాలయంలో పత్రికల వరుస

గ్రంథాలయమనగానే మన విద్యార్థులకు పుస్తకాల బీరువాలే స్ఫురిస్తాయి. పత్రికల ప్రసక్తి పఠనమందిరంలో బల్లమీద పరచిన దినపత్రికలతోనే ముగుస్తుంది. పుస్తకం ఒకసారి కొంటే ఆ పని తీరిపోతుంది. పరిశోధనా పత్రిక అట్లా కాదు. అది సంపుటాలుగా, సంచికలుగా ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. నడుమ ఒక్క సంచిక తప్పినా వరుస తెగుతుంది.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మన కొల్లేరునే తీసుకొందాము. 1999లో ఈ సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం క్రింద ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005-06లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. గట్లు తెగక ముందు నీటి స్వభావమేమి, పక్షుల రాక ఎట్లున్నది, తరువాత ఏమి మారినది అని జంతుశాస్త్ర విద్యార్థి ఒకరు తెలుసుకోగోరినారనుకొందాము. వారికి రెండు వైపుల సంవత్సరాల వ్యాసాలూ కావలెను. ముందటివి దొరకకపోతే తరువాతి కొలతలను దేనితో పోల్చగలరు?

ముద్రిత పత్రికల నిర్వహణకు ఎస్.ఆర్. రంగనాథన్ గారు మూడు కార్డుల పద్ధతిని ఏర్పరచారు. వచ్చిన సంచికను నమోదు చేయడానికి ఒకటి, రాని సంచికను పసిగట్టడానికి ఒకటి, ఏ విషయానికి ఏ పత్రికలు, ఏ సంపుటాలు మన వద్ద ఉన్నవో చెప్పడానికి మరొకటి. రెండవ కార్డులోనే ఆ పద్ధతికి ప్రాణమున్నదని మా అభిప్రాయం. సంచిక అందలేదని వెంటనే వ్రాస్తే పంపుతారు. ఏడాది గడచిన పిమ్మట వ్రాస్తే ప్రతులు లేవంటారు.

ఇప్పుడు పత్రిక తెరమీదికి వచ్చింది. 1991లో ఆరంభమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ 2010లో కళాశాలల కొరకు ఎన్-లిస్ట్ పథకాన్ని ప్రారంభించింది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని అమలులో పెట్టింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే ఇది ప్రభుత్వ నిర్వహణలోని సంస్థలకు ఉద్దేశించినది. తాడేపల్లిగూడెంలో 2015లో నెలకొన్న ఎన్.ఐ.టి. విద్యార్థి ఈ పథకం క్రింద చదువగల పత్రికను, ఏలూరులోని ప్రైవేటు యాజమాన్యపు కళాశాల విద్యార్థి ఎన్-లిస్ట్ వంటి మరొక మార్గంలోనో, కళాశాల సొంత చందాతోనో సంపాదించుకోవలసి ఉంటుంది.

కనుక చందా కట్టే కమిటీవారు ఒక సంగతి గ్రహించవలెను. ముద్రిత పత్రికకు చందా మానివేసినా పాత సంపుటాలు బీరువాలో ఉంటాయి. ఎలక్ట్రానిక్ పత్రికకు మనం చెల్లించేది చాలావరకు చదువుకొనే అనుమతికి మాత్రమే. ఒప్పందంలో ప్రత్యేకంగా వ్రాసి ఉంటే తప్ప, చందా ఆగిన నాడు డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు కూడ కనుమరుగు కావచ్చును. బేరమాడవలసినది ధర ఒక్కటే కాదు. ‘చందా ఆగిన తరువాత మాకేమి మిగులుతుంది?’ అని సంతకానికి ముందే అడగాలి. కొన్ని సంకలనాలలో సరికొత్త ఏడాది సంచికలు ఇవ్వకుండా నిలిపి ఉంచుతారు. అదీ చూచుకోవాలి.

మన వంటి చిన్న గ్రంథాలయానికి పెద్ద యంత్రసామగ్రి అవసరం లేదు. ఒక రిజిష్టరు చాలు. పత్రిక పేరు, దాని ఎనిమిదంకెల ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య, ఏ సంవత్సరం నుండి లభ్యం, చందా గడువు, ఎందరు తెరచి చదివినారు అన్నవి అందులో ఉండాలి. చివరి అంకె లేకుండా ఏ పత్రికను ఉంచాలో, దేనిని మానాలో తేల్చడం చీకటిలో బాణం వేయడమే. సంకేతపదం గ్రంథాలయాధికారి సొంత ఈమెయిలుకు గాక పదవి పేరిట ఉండాలి. మనిషి బదిలీ అయితే దారి మూసుకుపోరాదు గదా!

ఈ పథకాలు ఎంత విశాలమైనా మన భాషల పాత పత్రికలను అవి పూర్తిగా కాపాడవు. 1924 నుండి 1991 వరకు వెలువడిన ‘భారతి’, హైదరాబాదులో ఇదారె అదబియాతె ఉర్దూ వారు 1938లో ప్రారంభించిన ‘సబ్‌రస్’ వంటివాటి పాత సంచికలు ఏ కళాశాలలో ఉన్నా, వాటిని చిత్తుకాగితాల క్రింద తూచి అమ్మరాదు.

ఇక మన వార్షిక సంచిక. ఇదీ పత్రికయే, దీనికీ వరుస ఉన్నది. మొదటి సంవత్సరం నుండి ప్రతులు ఎన్ని ఉన్నవో లెక్కించి, లోటును పూర్వ విద్యార్థుల ఇళ్ళనుండి పూరించి, స్కాను చేయించవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాము. ఉర్దూ పుటలు కుడివైపునుండి, తెలుగు పుటలు ఎడమవైపునుండి తెరచుకొంటాయి కనుక రెండు భాగాలనూ రెండు ఫైళ్ళుగా భద్రపరచడం మేలు.