కంప్యూటరు మెమరీ - జమాఖర్చుల సరళీకరణము

పెండ్లి విందునకు వంటపాత్రలు అద్దెకిచ్చు అంగడి మన నగరి విద్యార్థులకు క్రొత్త కాదు. పెద్ద డేగిసాలు ఒక వరుసలో, చిన్న గిన్నెలు వేరొక అరలో ఉండును. అడిగిన కొలతకు సరిపోవు పాత్రను ఇచ్చి, విందు ముగిసిన పిమ్మట దానిని తిరిగి జమ కట్టుకొందురు. కంప్యూటరులో మెమరీని పంచిపెట్టు 'అలొకేటర్' అను ప్రోగ్రాము చేయునది కూడ ఇట్టి పనియే. 50 బైట్లు అడిగినచో 64 బైట్ల గడి నిచ్చుట, వాడుక ముగిసినంతనే దానిని వెనుకకు తీసికొనుట దాని బాధ్యత. లెక్క తప్పి ఒకే గడిని ఇద్దరికిచ్చినచో ఒకరి సమాచారమును వేరొకరు చెరిపివేయుదురు.

ఒకే కొలత గల గడులను ఒకచోట చేర్చి, తిరిగి వచ్చిన దానిని మరల వాడుకకు సిద్ధముగ నుంచు 'స్లాబ్' పద్ధతిని 1994లో జెఫ్ బాన్విక్ వివరించినారు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు సైతము ఆధారమైన లినక్స్ కెర్నెల్ ఈ భావమును గ్రహించినది. కాలక్రమమున అందు మూడు అలొకేటర్లు ఏర్పడినవి. మొదటిది స్లాబ్. రెండవది, మెమరీ తక్కువగా గల చిన్న యంత్రములకై 2006లో చేరిన స్లోబ్. మూడవది, 2007లో క్రిస్టఫ్ లామెటర్ ప్రవేశపెట్టిన స్లబ్.

స్లబ్ ఏల అవసరమైనది? స్లాబ్ పద్ధతిలో ప్రతి ప్రాసెసరునకు, ప్రతి మెమరీ విభాగమునకు వేరువేరు నిల్వ వరుసలు ఉండెడివి. అంగడిలోని ప్రతి పనివాడును కొన్ని గిన్నెలను తన చెంతనే ఉంచుకొని చీటీ వ్రాసికొన్నట్లన్నమాట. పనివారు నలుగురైనచో ఇది సౌకర్యమే. వేయిమందియైనచో చీటీలతోనే గది నిండును. వేయి ప్రాసెసర్ల స్థాయి యంత్రములలో ఆ వరుసలకే అనేక గిగాబైట్లు వ్యయమగుచున్నవని లామెటర్ తెలిపినారు. స్లబ్ ఆ వరుసలను తొలగించి, తరువాతి ఖాళీ గడి జాడను ఖాళీ గడిలోనే వ్రాసి ఉంచినది.

అయినను పాతవి తొలగలేదు. 16 సంవత్సరములు మూడును కలిసి సాగినవి. మూడు లెక్కల పుస్తకములున్నచోట ప్రతి సవరణను మూడింటికిని పొసగించి, మూడింటిని పరీక్షింపవలెను. తప్పు దాగుటకు చోట్లు మూడు. తుదకు 2023లో 6.4 వెర్షను నుండి స్లోబ్‌ను, 2024లో 6.8 వెర్షను నుండి స్లాబ్‌ను తొలగించినారు. స్లాబ్ ప్రధాన ఫైలు ఒక్కటియే సుమారు 4,000 పంక్తులు. ఈ కృషికి వ్లాస్టిమిల్ బాబ్కా ముందు నడచినారు.

ఇచట విద్యార్థులు గమనింపవలసిన విషయ మొకటి ఉన్నది. స్లోబ్ పోకముందే, చిన్న యంత్రములకు నష్టము కలుగకుండ 6.2 వెర్షనులో స్లబ్‌కు 'టైనీ' అను పొదుపు రూపమును సమకూర్చినారు. పాత స్లాబ్ వరుసలు కొన్ని పనులకు వేగము నిచ్చెడివి. ఆ మేలును విస్మరింపక, 2025లో 6.18 వెర్షనులో 'షీవ్స్', అనగా కట్టలు, అను పేర ప్రాసెసరు వారీ నిల్వలను స్లబ్‌లోనే చేర్చినారు. కొట్టివేయుటకు ముందు అది ఎవరికి ఆధారమై ఉన్నదో విచారించుట సరళీకరణములో మొదటి మెట్టని దీనివలన తెలియుచున్నది. వ్యాసము దిద్దుకొనునపుడును, కళాశాల లెక్కలు చూచునపుడును మనము ఈ మెట్టునే తరచుగా మరచుచుందుము.

అరబ్బీ, పారసీల వాకిలి గుండ వచ్చిన జమ, ఖర్చు అను రెండు మాటలు మన తెలుగున ఒకే 'జమాఖర్చు' అయినవి. రెండింటి అర్థమును చెడలేదు. పుస్తకము మాత్రము ఒకటియైనది. మంచి సరళీకరణము ఇట్లుండునని మా అభిప్రాయము.